జీతం పెంచినా సిస్టర్లు ఎందుకు వెళ్లిపోతున్నారంటే

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాకినాడ దగ్గర నలభై పడకల వృద్ధుల కేర్ హోమ్. మంచం దిగలేనివాళ్లు పద్నాలుగు మంది, మతిమరుపు ఉన్నవాళ్లు ఇంకొందరు. ఏడాదిలో నర్సింగ్ స్టాఫ్ సగానికి పైగా మారిపోయారు. మనిషికి రెండు వేలు జీతం పెంచారు, పుట్టినరోజులకి కేకులు కోయిస్తున్నారు. ఉద్యోగం ఎలా ఉందని ఫారాలు పంచితే అందరూ "చాలా బాగుంది" దగ్గర టిక్కు పెట్టి ఇచ్చారు. ఆ తర్వాతి నెలలోనే ముగ్గురు మానేశారు. ఇక మూడేళ్ల బాండు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోమని ఎవరో సలహా ఇచ్చారు. అది మంచిదేనా అని మీ ప్రశ్న.

నేను ఆసుపత్రి వార్డుల్లో చేసి, తర్వాత పెద్దవాళ్ల హోముల్లోకి వచ్చి, ఇప్పుడు నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేస్తున్నాను. బాండు సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ ఫారాల సంగతి చూద్దాం.

ఫారం మీద పేరు అడగకపోయినా, నింపింది ఎవరి చేతికి ఇవ్వమన్నారు? మేనేజరు టేబుల్ మీద పెట్టమంటే, పాతిక మంది స్టాఫ్ ఉన్నచోట ఎవరి చేతిరాత ఏదో తెలియనిది ఎవరికి? ఆ అమ్మాయికి రావాల్సిన జీతమూ, రేపు ఇంకోచోట చూపించుకోవాల్సిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టూ మీ చేతిలోనే ఉన్నాయి. "బాగాలేదు" అని టిక్కు పెట్టడానికి ఆమెకేం అవసరం? ఆ కాగితాలు పక్కన పడేసి రోస్టరు రిజిస్టరు తీయండి. ఏ వారంలో ఎన్ని డబుల్ డ్యూటీలు పడ్డాయి, ఆదివారం రాత్రి జ్వరం పేరుతో ఎవరు రాలేదు, ఏ ఇన్‌చార్జి షిఫ్టు నుంచి తప్పించమని ఎంతమంది అడిగారు. మీరు సర్వేలో అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది.

రెండో మాట. వెళ్లేవాళ్లందర్నీ ఆపలేరు, ఆపాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వ నోటిఫికేషన్ పడితే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన పిల్ల వెళ్తుంది, వెళ్లాలి. 2024 జనవరి చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఒక్కసారే దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలు ఇచ్చినప్పుడు హైదరాబాద్ ప్రైవేటు వార్డుల్లో చాలాచోట్ల రోస్టర్లు తలకిందులయ్యాయి. అందుకు యాజమాన్యాలు బాధపడి లాభం లేదు. జర్మనీలో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్నవాళ్ల సంగతీ అంతే. మీరు లెక్కపెట్టుకోవాల్సింది వాళ్లని కాదు. మీ దగ్గర మానేసి అదే ఊళ్లో, అదే జీతానికి, ఒక్కోసారి ఐదొందలు తక్కువకి కూడా ఇంకో చోట చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లు ఎందుకు వెళ్లారన్నదే అసలు ప్రశ్న.

జీతం ముఖ్యం కాదని నేననను. అలా అనేవాళ్లు సాధారణంగా జీతం ఇచ్చేవాళ్లే అయి ఉంటారు. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫార్సులు ఇచ్చింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకి ఇరవై వేలకి తగ్గకూడదంది. పెద్దవాళ్ల హోములు "మాది ఆసుపత్రి కాదుగా" అని పక్కకి తప్పుకుంటాయి. అయినా రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), కాథెటర్ (మూత్రం గొట్టం), ఇన్సులిన్, ఆక్సిజన్ అన్నీ ఉన్న పేషెంట్లని చేర్చుకుంటాయి. పని ఆసుపత్రిది, జీతం హాస్టల్ వార్డెన్‌ది. మీరు ఇరవై వేల కింద ఇస్తుంటే మిగతా సలహాలన్నీ తర్వాత చదవండి. పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ చట్టం ప్రకారం కట్టాల్సినవే. కేర్‌గివర్లని ఏజెన్సీ మనుషులుగా చూపించి ఈ లెక్క తగ్గించే హోములు నేను చూశాను. ఆ తెలివి వాళ్లకీ తెలుస్తుందండీ. ఇంకో సంగతి, తక్కువ జీతం కంటే ఏ తేదీన పడుతుందో తెలియని జీతం ఎక్కువ మందిని పంపించేస్తుంది.

కాకపోతే జీతం ఒక గీత దాకానే పనిచేస్తుంది. జర్మనీలో 2022 సెప్టెంబర్ నుంచి వృద్ధుల కేర్ సంస్థలు ఉద్యోగ సంఘాల ఒప్పందాల స్థాయిలో జీతాలు ఇవ్వాలని చట్టం ఉంది. 2025 జూలైలో అర్హత ఉన్న నర్సుకి కనీస జీతం గంటకి 20 యూరోల 50 సెంట్లు అయింది. అయినా అక్కడ మనుషులు దొరక్క, మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇక్కడి పిల్లలకి జర్మన్ నేర్పించి పంపుతోంది. డబ్బుతోనే తీరే సమస్య అయితే వాళ్లకి తీరిపోయి ఉండాలి. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లోనే ఈ మాట చెప్పాడు: జీతం సరిగా లేకపోతే అసంతృప్తి కలుగుతుంది, కానీ జీతం సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి రాదు, అది పనిలోంచి రావాలి.

పనిలో ఏముందో మీ హోమ్ లెక్కతోనే చూద్దాం. రాత్రి డ్యూటీకి ఒక నర్సు, ఇద్దరు కేర్‌గివర్లు అని రాశారు. మంచం మీద ఉన్న పద్నాలుగు మందిని బెడ్‌సోర్లు (కదలకుండా పడుకుంటే ఒంటి మీద పడే పుండ్లు) రాకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఒక మామ్మగారిని తిప్పడమంటే ఆమె నడుము కింద పరిచిన డ్రా షీట్ చెరో వైపు పట్టుకుని లాగి, డైపర్ చూసి, తడిస్తే తుడిచి మార్చి, వీపు వెనక దిండు సర్ది, మడమల కింద తువ్వాలు పెట్టడం. ఇద్దరు కలిసి చేసినా ఆరు నిమిషాలకి తగ్గదు. పద్నాలుగు ఆర్లు ఎనభై నాలుగు నిమిషాలు. అంటే ప్రతి రెండు గంటల్లో ఆ ఇద్దరికీ మిగిలేది ముప్పై ఆరు నిమిషాలు. ఆ సమయంలోనే బాత్రూముకి నడిపించాల్సిన వాళ్లు, రాత్రి రెండింటికి లేచి "మా ఊరు బస్సు వెళ్లిపోతుంది" అని గేటు దగ్గరికి నడిచే తాతగారు, దగ్గుతూ లేచే ఆస్తమా ఆవిడ, బెల్లు కొట్టేవాళ్లు. ఒక కేర్‌గివర్ తాతగారి వెంట వెళ్లిందంటే రెండో ఆమె ఒక్కతే డెబ్బై కిలోల మనిషిని తిప్పాలి. తిప్పితే ఆమె నడుము పోతుంది. తిప్పకపోతే మామ్మగారి వీపు పోతుంది.

ఎవరిని ఎప్పుడు తిప్పారో రాసే పొజిషన్ చార్టు మాత్రం నిండాలి. తెల్లవారుజామున ఐదింటికి నైట్ సిస్టర్ కూర్చుని పది, పన్నెండు, రెండు, నాలుగు గంటల గడులన్నీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపి సంతకం పెడుతుంది. చార్టు తీసి చూడండి, సిరా చూస్తేనే తెలిసిపోతుంది. ఎనిమిదింటికి డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి మామ్మగారి నడుము కింద ఎర్రదనం చూసి, "చార్టులో అన్నీ ఉన్నాయి, మరి ఇదెలా వచ్చింది సిస్టర్?" అంటారు. ఆమె ఏం చెప్తుంది? చేయలేదంటే తప్పుడు సంతకం పెట్టినట్టు. చేశానంటే అబద్ధం. రాత్రి ముగ్గురం ఉన్నామని చెప్తే, "ఎప్పుడూ ముగ్గురే కదా, మీకే వచ్చిందా కష్టం" అంటారు.

నర్సు అలసిపోయి మానేస్తుందని మీరు అనుకుంటున్నారు. అలసట నిద్రపోతే తగ్గుతుంది. ఎలా చేయాలో తెలిసి, అలా చేయనివ్వని చోట చేసినట్టు రోజూ సంతకం పెట్టడం మాత్రం నిద్రతో పోదు. దీన్ని మోరల్ డిస్ట్రెస్ అంటారు. ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన 1984లో నర్సుల గురించి రాస్తూనే ఈ మాట వాడాడు. నా అనుభవంలో ముందు మానేసేది పని ఎగ్గొట్టేవాళ్లు కాదు. వాళ్లకి ఆ గడులు ఇబ్బంది పెట్టవు. బాగా చేసే పిల్లలు ముందు పోతారు. మీ దగ్గర మిగిలినవాళ్లలో ఎవరు ఏ రకమో మీకే తెలియాలి.

కాబట్టి ఆ ఇరవై వేల గీత దాటాక మొదటి ఖర్చు జీతం మీద కాదు, రాత్రికి ఇంకో ఇద్దరు మనుషుల మీద. పగలు ఆరుగురు, రాత్రి ముగ్గురు, అందరికీ పన్నెండు గంటలు అంటే మీ హోములో ఒక్కో పెద్దమనిషికి రోజుకి రెండు గంటల నలభై రెండు నిమిషాల సేవ అందుతోంది, స్టాఫ్ భోజనం చేసిన సమయం కూడా కలిపితే. అమెరికా ప్రభుత్వం 2024లో నర్సింగ్ హోములకి కనీసం 3.48 గంటలని, అంటే దాదాపు మూడున్నర గంటలని నియమం పెట్టింది. యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి, 2025లో అది కొట్టేశారు, అది వేరే కథ. కానీ అంకె మీకు కొలతగా పనికొస్తుంది. ఇద్దరు పెరిగితే మీరు మూడు గంటల పద్దెనిమిది నిమిషాల దాకా వస్తారు. ఆ ఇద్దరూ జీఎన్ఎంలే కానక్కర్లేదు. జర్మనీలో బ్రెమెన్ విశ్వవిద్యాలయం వాళ్లు హోముల్లో ఎంత పని ఉంది, ఎవరు చేస్తున్నారు అని కొలిచి 2020లో తేల్చింది కూడా ఇలాగే ఉంది: లక్షకి పైగా మనుషులు తక్కువయ్యారు, వాళ్లలో ఎక్కువ భాగం నర్సులు కాదు, శిక్షణ పొందిన సహాయకులు. నర్సు చేతిలోంచి డైపర్ల పని కొంత తగ్గితే, ఆమె నర్సుగా చూడాల్సినవి చూస్తుంది.

"కొంత" అన్నాను, పూర్తిగా అనలేదు. మన దగ్గర ఇంకో జబ్బుంది. స్పాంజ్ బాత్ ఆయమ్మ పని, నాది కాదు అని సిస్టర్ కుర్చీలోంచి లేవదు. ఆయమ్మకి ఒళ్లు మండుతుంది. ఒక వార్డులో ఇద్దరూ మాట్లాడుకోరు. వీపు మీద మచ్చ మొదట చూసేది ఆయమ్మ, రాసేది సిస్టర్. వాళ్లిద్దరి మధ్య మాటల్లేకపోతే ఆ మచ్చ పుండు అయ్యాక గానీ కాగితం మీదికి రాదు. మంచి హోముల్లో మంచం మీది వాళ్లకి వారానికి రెండుసార్లయినా నర్సు స్వయంగా ఒళ్లు తుడుస్తుంది, తల నుంచి మడమ దాకా చూడటానికి. జర్మనీ వెళ్లిన మన పిల్లలు మొదటి ఆరు నెలలు ఏడ్చేది కూడా దీనికే. అక్కడ నర్సే స్నానం చేయిస్తుంది, నర్సే అన్నం తినిపిస్తుంది. బీఎస్సీ చదివింది ఇందుకా అనుకుంటారు.

ఇక మీ ఇన్‌చార్జి గురించి. మీకు నచ్చకపోవచ్చు, కానీ చెప్పక తప్పదు. స్విట్జర్లాండ్‌లో బాజెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 162 నర్సింగ్ హోముల్లో నాలుగు వేల మందికి పైగా కేర్ స్టాఫ్‌ని అడిగి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగంతో బాగా సంతృప్తిగా ఉన్నవాళ్ల విషయంలో ముందుగా కనిపించింది తమ పైఅధికారి అండ. జట్టు కలిసి పనిచేయడం, సరిపడా స్టాఫ్, గొడవలు తక్కువగా ఉండటం, హోమ్ నడిపేవాళ్లు మాట వినడం లాంటివి కూడా అందులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ జీతాల్లో కూడా ఇదే తేలింది కదా.

మన దగ్గర ఇన్‌చార్జిని ఎలా పెడతారో నాకు తెలుసు. అందరికంటే సీనియర్, లేదా యజమానికి నమ్మకస్తురాలు. ఎవరు ఎప్పుడు ఫోన్ చూశారో ఆఫీసుకి చెప్పే మనిషి. మీ ఇన్‌చార్జి పొద్దున హ్యాండోవర్‌కి (రాత్రి షిఫ్టు వాళ్లు పగటి వాళ్లకి పేషెంట్లని అప్పజెప్పడానికి) వార్డులో నిలబడుతుందా, లేక తొమ్మిదింటికి వచ్చి పుస్తకం చూస్తుందా? హ్యాండోవర్ ఆ పదిహేను నిమిషాలు డ్యూటీ లెక్కలోకి వస్తాయా? రోస్టరు కనీసం రెండు వారాల ముందు గోడ మీద ఉంటుందా, లేక ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వస్తుందా? చిన్న విషయాల్లా కనిపిస్తాయి. చిన్నపిల్లల తల్లికి రోస్టరు ముందే తెలియడం రెండు వేల రూపాయల కంటే విలువైనది. మన నర్సుల్లో క్రైస్తవ పిల్లలు చాలామంది ఉంటారు. నెలలో రెండు ఆదివారాలైనా చర్చికి వెళ్లేలా షిఫ్టు వేసే ఇన్‌చార్జి దగ్గరి నుంచి ఎవరూ అంత తొందరగా కదలరు. క్రిస్మస్‌కి హిందూ పిల్లలు, సంక్రాంతికి క్రైస్తవ పిల్లలు డ్యూటీ చేసేలా వాళ్లే సర్దుకుంటారు, మీరు అడ్డం పడకపోతే.

కుటుంబాల విషయానికొస్తే, డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తాడు. అమ్మ జుట్టు దువ్వలేదని అరుస్తాడు. అతని బాధ వేరు, దగ్గర లేనన్న బాధ. అది సిస్టర్ మీద పడుతుంది. ఆ సమయంలో మీరు గానీ మేనేజర్ గానీ ఫోన్ అందుకుని "నాతో మాట్లాడండి, నర్సుతో వద్దు" అంటే ఆ అమ్మాయి ఆ రోజు ఇంటికి ఒకలా వెళ్తుంది. "సారీ సార్, ఆమెని మందలిస్తాం" అంటే ఇంకోలా వెళ్తుంది. గాజు పోయిందన్న ఫిర్యాదు వచ్చిందా, స్టాఫ్ బ్యాగులు వెతికే ముందు చేరేరోజు రాసిన నగల జాబితా తీయండి. జాబితా లేకపోతే తప్పు మీది, కేర్‌గివర్‌ది కాదు. వీలైతే నగలు ఇంటికి పంపించేయమని చేర్చేటప్పుడే చెప్పండి.

కొందరు పెద్దవాళ్లు "మీరే కులంవాళ్లు అమ్మాయ్?" అని అడిగి, జవాబు విని మంచినీళ్లు ముట్టరు. మతిమరుపులో అన్న మాటకి కోపం తెచ్చుకోలేం, అది స్టాఫ్ కూడా సర్దుకుంటారు. కానీ మతి సరిగా ఉన్న మనిషి ఆ మాట అంటే, పెద్దాయన కదా వదిలేయ్ అని మీరు ఆ పిల్లని ఇంకో గదికి మార్చారనుకోండి, ఎవరి పక్షమో చెప్పేసినట్టే. చేర్చుకునే కాగితంలోనే ఒక వాక్యం రాయించండి, ఇక్కడ ఎవరు అన్నం పెట్టినా తినాలని. సంతకం పెట్టని కుటుంబాలు ఒకటి రెండు ఉంటాయి. పోనివ్వండి.

చేతులు వేసే మగవాళ్ల సంగతి కూడా మాట్లాడాలి, ఎవరూ మాట్లాడరు కాబట్టి. మతిమరుపులో ముందుమెదడు దెబ్బతిన్నవాళ్లు స్నానం చేయించేటప్పుడు ఆడపిల్లల మీద చేతులు వేస్తారు. వాళ్లకి తెలియకపోవచ్చు, ఆ అమ్మాయికి తెలుస్తుంది. "నవ్వి ఊరుకో" అనే ఇన్‌చార్జి వల్ల నా కళ్లముందే మంచి కేర్‌గివర్లు మానేశారు. అలాంటివాళ్లకి మగ కేర్‌గివర్‌ని పెట్టండి, లేదంటే ఇద్దరు కలిసి వెళ్లాలి, జరిగింది రాయాలి, డాక్టరుకి చెప్పాలి. అన్నీ తెలిసి చేసేవాడు, లేదా చూడటానికొచ్చిన బంధువు అయితే అది వేధింపే. 2013 చట్టం ప్రకారం పది మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. మీ దగ్గర ఉందా?

చదువుకున్న నర్సుల భయం ఇంకొకటి ఉంది. "ఇక్కడుంటే సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టడం కూడా మర్చిపోతాం, రేపు ఆసుపత్రి వాళ్లు తీసుకోరు." ఆ భయం అబద్ధం కాదు. ఊళ్లో ఒక ఆసుపత్రితో మాట్లాడి ఏడాదికి కొన్ని వారాలు అక్కడ డ్యూటీ చేసే ఏర్పాటు చేయొచ్చు. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవకి సంబంధించిన సంఘం) నర్సుల కోసం సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. ఫీజు మీరు కట్టండి. అంతకంటే ముందు, ఇక్కడ చేసే పనికి లెక్క కనిపించేలా చేయండి. ఆసుపత్రిలో పేషెంట్ నడిచి ఇంటికెళ్తాడు, అదే నర్సుకి ఫలితం. ఇక్కడ ఎవరూ ఇంటికెళ్లరు. మరి ఏది ఫలితం? మూడో దశ పుండు పది వారాల్లో మూసుకోవడం ఫలితం. కాథెటర్ తీసేసి మళ్లీ బాత్రూముకి వెళ్లగలగడం ఫలితం. రైల్స్ ట్యూబు మీద వచ్చినావిడ నోటితో జావ తాగడం ఫలితం. వీటిని నెలనెలా రాసి, ఎవరి చేతుల మీద జరిగిందో పేరుతో చెప్పండి. కేకు కంటే ఇది బాగా పనిచేస్తుంది. కేకు మీద నాకేం కోపం లేదు, నైట్ డ్యూటీ వాళ్లకి ముక్క మిగలదు, అంతే.

చావు గురించి కూడా ఒక మాట. ఒక కేర్‌గివర్ రెండేళ్లు రోజూ తల దువ్వి, అన్నం కలిపి పెట్టిన మామ్మగారు ఆమె వీక్లీ ఆఫ్ రోజున పోతే, ఆమె తర్వాతి రోజు వచ్చి ఆ మంచం మీద కొత్త మనిషిని చూస్తుంది. ఎవరూ ఫోన్ కూడా చేయరు. ఫోన్ చేయండి. కుటుంబం ఒప్పుకుంటే చివరి చూపుకి పంపండి, ఆ గంట జీతం కోయకండి. ఖాళీ మంచం ఒక్క రోజు ఖాళీగా ఉంచగలిగితే ఉంచండి. మీకు రోజు ఆదాయం పోతుంది, నిజమే.

ఇక బాండు. వద్దండీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ పిల్ల సొత్తు, వాటిని బీరువాలో పెట్టుకునే హక్కు మీకు లేదు. పైగా నర్సులందరికీ వాట్సాప్ గ్రూపులున్నాయి. ఫలానా హోములో సర్టిఫికెట్లు లాక్కుంటారని ఒక్క వాయిస్ మెసేజ్ చాలు, రాజమండ్రి నుంచి తుని దాకా మీకు ఎవరూ దొరకరు. కాగితాల కోసం ఆగిపోయిన మనిషి పెద్దవాళ్ల ఒంటి మీద చేయి ఎలా వేస్తుందో ఆలోచించండి, ఆ నష్టం మీకు కనిపించదు కూడా. రాజీనామాకి నెల రోజుల నోటీసు అడగండి, అది న్యాయం. నోటీసు పూర్తిచేసిన వాళ్లకి చివరి రోజునే జీతం, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పెట్టండి. అలా పంపితే కొందరు ఆరు నెలల్లో తిరిగొస్తారు, నేను చూశాను.

ఈ వారం చేయగలిగింది ఒకటే చెప్తాను. మానేసి రెండు మూడు నెలలైనవాళ్లలో ముగ్గురికి ఫోన్ చేయించండి. మీరు వద్దు, మేనేజరూ వద్దు. వాళ్లతో కలిసి డ్యూటీ చేసిన ఒక పెద్ద ఆయమ్మ చేత చేయించండి. ఎందుకు మానేశావు అని అడగొద్దు, మర్యాద జవాబే వస్తుంది. మళ్లీ రమ్మంటే ఏం మారితే వస్తావు అని అడగమనండి. వాళ్లు చెప్పినవి, మీ రాత్రి రోస్టరు ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. ఎవరిని ఎక్కడ పెంచాలో చూసి రాస్తాను.